బండలపేటలో నేను కూర్చున్న అరుగు

మాచర్ల వెళ్లొచ్చానంటే మా తెనాలిలో ఒక్కరూ నమ్మడం లేదు. "కాలవ గట్టు దాటితే కాళ్లు నొప్పులంటావు, నువ్వు పల్నాడు వెళ్లావా?" అని అచ్చాపీసులో తోటి ప్రూఫురీడరు అందరి ఎదుటా నవ్వాడు. నమ్మకపోతే పోయారు. నా కుడి మోకాలి మీద బొగ్గుబస్సు పెట్టిన వాత ఇంకా మానలేదు, కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. రాలేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

వెళ్లింది సరదాకి కాదు. మా నాన్నకు ఒక్కతే చెల్లెలు, కోటమ్మత్త. ఆమెను మాచర్లలో బండలపేట అనే పాత పేటకు ఇచ్చారు. ఇరవైరెండేళ్ల కిందట మా అక్క పెళ్లిలో మామయ్యను రెండో బంతిలో కూర్చోబెట్టారని అత్తకు ఒళ్లు మండింది. పెట్టె సర్దుకుని, "మీ ఇంటి మనిషి మా ఊరొచ్చి నా చేతి ముద్ద తినేదాకా ఈ గడప తొక్కను" అని పందిట్లో అందరూ వినేట్టు చెప్పి బండెక్కింది. మా నాన్న తక్కువవాడేం కాదు. "తొక్కకపోతే గడపకే మంచిది, అరగకుండా ఉంటుంది" అన్నాడు. ఇద్దరూ అట్లాగే బిగుసుకు కూర్చున్నారు.

ఈ శీతకాలంలో నాన్నకు జ్వరం తగిలి నెల్లాళ్లు మంచం దిగలేదు. ఒకనాడు గోడవైపు తిరిగి పడుకుని, "కోటమ్మ ఎట్లా ఉందో" అన్నాడు. మర్నాడే కార్డు రాయించాడు. నన్ను పిలిచి, "అది పెట్టింది తిను. వంకలు పెట్టకు. తిని, దాన్ని వెంటబెట్టుకు రా" అన్నాడు. అచ్చాపీసులో అయిదు రోజుల సెలవు దొరికింది. పోవడానికి మూడు, రావడానికి రెండు. దారిలో తుమ్మడానికి కూడా వ్యవధి లేదన్నమాట.

నరసరావుపేట

మొదటి రోజు సాయంత్రానికి నరసరావుపేటలో రైలు దిగాను. రావిచెట్టు, కాలవ, గట్టు మీద అరటితోట చూసి పెరిగిన కళ్లకు ఇక్కడ అంతా దుమ్మూ, దూరాన కొండా. ఊరు మాత్రం మహా సందడిగా ఉంది. పత్తి బండ్లు, మిరపకాయ బస్తాలు, వాటి ఘాటుకు తుమ్ములు. నాలుగు తుమ్ములయ్యేసరికి సత్రం కనబడింది.

యుద్ధం పుణ్యమా అని పంచదార కంట్రోలు. సత్రం పక్కన పూటకూళ్లమ్మ బెల్లం కాఫీ ఇచ్చింది. అణా. మా ఊళ్లోనూ అణాయే గాని మా వాళ్లు దాన్ని కాఫీ అనడానికి కాస్త ఆధారం చూపిస్తారు. ఇడ్లీలోకి పచ్చడి కాదు, ఎర్రగా కారప్పొడి పోసి మీద చెంచాడు నూనె వేసింది. రెండో ముద్దకి నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది.

"అమ్మా, ఈ కారం కాస్త తగ్గించి చెయ్యకూడదా?" అన్నాను.

ఆమె నా వంక జాలిగా చూసింది. "తగ్గించిందే నాయనా అది. నువ్వు గడపలో అడుగుపెట్టంగానే అనుకున్నా, కాలవోళ్లబ్బాయి, తట్టుకోలేడని."

ఆ రాత్రి మూడు చెంబుల నీళ్లు తాగి పడుకున్నాను. పల్నాడు ఇంకా మొదలుకాలేదట, ఇది గుమ్మమేనట.

బొగ్గుబస్సు

మర్నాడు రైలు లేదన్నారు, గురజాల దాకా బస్సే గతి. పెట్రోలు మొత్తం యుద్ధానికి పోతున్నది గదా, ఇప్పుడు బస్సులు బొగ్గు తింటున్నాయి. వెనక నిలువెత్తు పీపా ఒకటి కట్టి, అందులో బొగ్గులు పోసి రాజేస్తారు. క్లీనరు చేత్తో పంకా తిప్పుతూ ఉంటే ఆ పొగతో ఇంజను కదులుతుంది. ఎక్కేటప్పుడు నేను ఆ పీపాకి మోకాలు ఆనించాను. అంతకంటే చెప్పేది లేదు.

మిట్ట వచ్చిన చోటల్లా డ్రైవరు బస్సు ఆపి, "దిగండయ్యా, దిగండి! ఇది మనుషుల్ని మొయ్యదు, మనుషులే దీన్ని మొయ్యాల" అని కేకేశాడు. అందరూ నవ్వుతూ దిగి నడిచారు. నాకు నవ్వు రాలేదు. డబ్బిచ్చి టిక్కెట్టు కొని నడిచేవాడు ఎక్కడైనా ఉంటాడా?

అయితే నడవబట్టే చూశాను. ఇక్కడ చేలకు కంచె ముళ్లకంప కాదు, నిలబెట్టిన నాపరాళ్లు. మనిషి ఎత్తు పలకలు వరసగా పాతేశారు. ఇళ్లకు గోడలు అవే, కప్పులూ అవే. మా ఊళ్లో తాటాకు మార్చినట్టు వీళ్లు బండ మార్చుకుంటారట.

నా పక్కన నడుస్తున్న ఆయన రెంటచింతలలో మిషను బడి పంతులు. దావీదు మాస్టారన్నారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బైబిలు, రెండూ ఎండకు అడ్డం పెట్టుకుంటున్నాడు. మాచర్ల బండలపేట వెళుతున్నానంటే ఆయన ఆగి నన్ను ఎగాదిగా చూశాడు.

"మంచి పేటేనండీ. చానా పాతది. మర్యాదస్తులు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆడ యాడబడితే ఆడ కూర్చోబాకండి. చూసి కూర్చోండి."

తేళ్లు ఉంటాయి కాబోలు అనుకుని తల ఊపాను. బండలున్న చోట తేళ్లుంటాయని ఎవరికి తెలియదు? ఇంకో మాట అడిగి ఉంటే నా గొడవ తీరిపోయేది. అంతలో బస్సు బయలుదేరింది, అందరం దాని వెంట పరిగెత్తాం.

గురజాల

మూడోరోజు పొద్దున గురజాలలో రైలుకు మూడు గంటలు ఆగాల్సి వచ్చింది. ఒకప్పుడు పల్నాటి రాజధాని ఇదేనని చదువుకున్నాను. ఇప్పుడు ఈ ఊరికి రాజు కోర్టే. యుద్ధం మానేసినవాళ్లంతా దావాలు వేసుకున్నట్టున్నారు. కోర్టు అరుగులు, చెట్ల కింద నీడలు, కాఫీ హోటలు, అన్నీ వాయిదాలకు వచ్చినవాళ్లతో కిక్కిరిసిపోయాయి.

హోటల్లో నా బల్లకు ఎదురుగా ఇద్దరు పెద్దమనుషులు ఒకే పళ్లెంలో పెసరట్టు తుంచుకు తింటున్నారు. ఒకరి మీద దావా వేసింది రెండోవారట! నాకు పొలమారింది.

"ఇదేం విడ్డూరమండీ?" అన్నాను.

"మా ఇద్దరికీ ఏముందయ్యా తగువు?" అన్నాడు సన్నగా ఉన్నాయన. "తగువు ఆడోళ్లది. వాయిదాలకు రావాల్సింది మేము. వస్తాం, ఒకే అట్టు తింటాం, ఒకే రైల్లో పోతాం."

"ఇంటికాడ మాత్రం మాట్టాడుకోం. ఇంట్లో తెలిస్తే కూడు పుట్టదు" అన్నాడు లావుపాటి ఆయన. నన్ను ఏ ఊరని అడగబోయేంతలో అవతల వకీళ్లు చేతులూపారు. ఇద్దరూ ఒకే తువ్వాలుతో మూతులు తుడుచుకుని లేచారు.

ఎండ

గురజాల దాటాక రెంటచింతల వచ్చింది. రైలు కిటికీ ఇనుపకమ్మీ మీద చెయ్యి వేశాను, తీశాను. ఎదురు బల్ల మీది ముసలమ్మ, "ఇంకా మాగమాసం కూడా ఎల్లలేదు, ఇది సలికాలం" అంది. ఆమె హాస్యమాడుతోందేమోనని మొహం చూశాను. కాదు.

బండలపేట

మాచర్ల స్టేషన్లో దిగి, చంద్రవంక వాగు దారి పట్టుకుని పేట చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. వాగు ఒడ్డున పుట్టిన పేట అది. ఊరికంటే పేటే ముందు పుట్టిందని వాళ్లంటారు. ఇళ్లు కట్టడానికి ఎక్కడి రాయి అక్కడే తవ్వుకున్నారు కాబట్టి ప్రతి ఇంటి వెనకా ఇంటంత గుంట ఉంది. గోడా బండే, కప్పూ బండే, గొడ్ల తొట్టీ బండే, వాకిట్లో తాతలు నడుం వాల్చేదీ బండే. నడిచిన కాళ్లకూ కూర్చున్న పెద్దలకూ అరిగి అరిగి అరుగులు నున్నగా మెరుస్తున్నాయి. చూడ ముచ్చటగా ఉంది, నేను ఒప్పుకుంటున్నాను.

దారిలో కోటమ్మగారిల్లు అడిగితే ఒకామె, "ఆ సివర, రెండరుగులు కొట్టుకునే కాడ" అంది. వెళ్లి చూద్దును గదా, నిజంగానే రెండరుగులు ఎదురెదురుగా ముందుకు పొడుచుకొచ్చి, వీధి మధ్య ఒక్క అడుగు సందు మిగిల్చాయి. బండి పట్టదు. గేదె పట్టాలన్నా ఊపిరి బిగించాలి. రెండిళ్లలో అత్తది ఏదో తెలియలేదు. పడమటి ఇంటి అరుగు మీద చల్లగా నీడ ఉంది, తూర్పుదాని మీద నిప్పులు కురుస్తున్నాయి. మంచి చొక్కా మార్చుకుని తలుపు తడదామని, మాస్టారి మాట గుర్తుంచుకుని, తువ్వాలుతో అరుగంతా దులిపి, తేళ్లు లేవని చూసి చూసి, నీడలో కూర్చున్నాను.

చొక్కాకి ఇంకా గుండీలు పెట్టుకోలేదు. లోపల్నుంచి యాభయ్యేళ్లావిడ చెంబుడు మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. ఆహా! అల్లం, కరివేపాకు. గటగటా సగం తాగి, చెంబు పక్కన పెట్టి, "అత్తా! నేను, తెనాలి నుంచి" అని ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాను.

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. "లే నాయనా. నేను నీ అత్తను కాదు. మీ అత్త నీ ఎనకమాల ఉంది."

తిరిగి చూశాను. ఎదురింటి గడపలో, చేతినిండా మోదుగాకు విస్తళ్లతో, అచ్చం మా నాన్న మొహంతో ఒకావిడ నిలబడి ఉంది. విస్తళ్లకోసం పెరట్లోకి వెళ్లి వచ్చిందట, అంతే.

"తాగావా?" అంది. ఇరవైరెండేళ్ల తరవాత తన పుట్టింటివాళ్లతో ఆమె మొదటి మాట అది.

"ఏమిటత్తా?"

"ఆ మజ్జిగ. తాగావా?"

"సగమే."

అత్త చేతిలో విస్తళ్లు జారి కిందపడ్డాయి. "ఐపాయె. అంతా ఐపాయె" అని గడప మీద కూలబడింది.

పంచాయితీ

పేట పేటంతా పావుగంటలో అక్కడికి చేరింది. నడిమధ్య, ఆ అడుగు సందులో, ముక్కాలిపీట వేసుకుని చెన్నయ్య తాత కూర్చున్నాడు. పేటలో అందరికంటే పెద్ద. రాయి చీల్చి చీల్చి ఆయన వేళ్లు కూడా పలకలు దేరాయి. పల్నాటి యుద్ధం సంగతి కూడా ఆయన మొన్న మధ్యాహ్నం మధ్యలో లేచొచ్చినట్టు చెబుతాడు.

ఆయన చెప్పగా తెలిసిందిది. దండులూ దోపిడీలూ ఉన్న రోజుల్లో ఈ దారిన ఎవడైనా ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చి ఏ అరుగు ఎక్కితే, ఆ ఇంటివాళ్లు వాడికి అడ్డం నిలబడాలి. వాడు పగవాడైనా సరే. వాడికి కూడు పెట్టేదీ వాళ్లే, ఇంకొకళ్లు పెట్టకూడదు. పక్కింటివాళ్లు పెట్టారంటే, 'నీకు కాచే సత్తా లేదు' అని మొహం మీద అన్నట్టే. దండులు పోయాయి. ఆ కట్టుబాటు మిగిలింది. ఎవరి అరుగు మీద కూర్చుంటే వాళ్ల చుట్టం.

"నేను తెలియక కూర్చున్నాను తాతా!" అని మొత్తుకున్నాను.

"తెలిసి కూకునేవోడికి కట్టెందుకబ్బాయ్? తెలీనోడి కోసమేగా కట్టు" అన్నాడు ఆయన చల్లగా.

దానికి ఆయన దగ్గర తీర్పుల మూట ఉంది. వాళ్ల తాత హయాంలో ఒక పసుపు వర్తకుడు ఒక అరుగు మీద తలా, పక్క అరుగు మీద కాళ్లూ పెట్టి నిద్రపోయాడట. రెండిళ్లవాళ్లూ మాకంటే మాకన్నారు. తినే నోరు తలకాయలో ఉంది గనక తల ఉన్న ఇంటిదేనని తేల్చారు. ఇంకోసారి ఒక పెళ్లికొడుకు కాల్లో ముల్లు తీసుకుందామని వియ్యాలవారి పక్కింటి అరుగు మీద కూర్చున్నాడు. ముల్లు వచ్చింది. పెళ్లినాటి భోజనం మాత్రం పక్కింట్లో తిన్నాడు.

"పోనీ పొలిమేర దాటి మళ్లీ వస్తాను" అన్నాను.

"ఆ తెలివీ ఒకడు చూపించాడు. అప్పట్నుంచి ఓ రాత్రి పరాయి ఊళ్లో పండుకుని రావాలన్నారు."

నాకు రాత్రుళ్లెక్కడివి? తెల్లారి రైలు తప్పితే అచ్చాపీసులో నా కుర్చీ ఇంకొకరికి పోతుంది. అంతకంటే, అత్త ముద్ద తినకుండా, అత్త లేకుండా, నాన్న మంచం దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఆ మాటే తాతతో అన్నాను. తాత తలవంచుకున్నాడు గాని తీర్పు మార్చలేదు.

మజ్జిగ ఇచ్చిన ఆవిడ పేరు వెంకాయమ్మ. ఆమే అత్తా తొమ్మిదేళ్లుగా మాట్లాడుకోరు. ఒక వానకు వెంకాయమ్మ అరుగు కూలితే, తిరిగి కట్టేటప్పుడు జానెడు ముందుకు కట్టింది. అత్త జానతో కొలిచి తనదీ జానెడు జరిపింది. ఆమె ఇంకో జానెడు, ఈమె ఇంకో జానెడు. పేటవాళ్లు అడ్డుపడ్డాక మిగిలిందే ఈ అడుగు సందు. దాని మీద గురజాల కోర్టులో దావా. మగవాళ్లిద్దరూ ఇవాళ వాయిదాకు వెళ్లారన్నారు, ఒకాయన సన్నగా, ఒకాయన లావుగా. నేను పెసరట్టు సంగతి ఎత్తలేదు. నాకూ కాస్త జ్ఞానం ఉంది.

"నేను పిలవలా" అంది వెంకాయమ్మ, ఎవరి వంకా చూడకుండా. "వచ్చి కూకున్నాడు. కూకున్నోణ్ణి పస్తు పంపితే మా ఇంటి పరువేం కావాల?" అని లోపలికి పోయి పొయ్యి రాజేసింది. గొంతులో గెలిచిన సంతోషం మాత్రం లేదు.

ఒక్క అడుగు

పొద్దు వాలకముందే నాకు అరుగు మీద విస్తరి వేశారు. జొన్నన్నం, గోంగూర, పండుమిరపకాయల పచ్చడి, పక్కన నిమ్మకాయంత వెన్న. ఎదుటి అరుగు మీద అత్త తను వండినవన్నీ వరసగా పెట్టి కూర్చుంది. కంట్రోలు బియ్యం చేరెడు చేరెడు దాచి వండిన అన్నం, ఎండు చింతచిగురు పప్పు, గారెలు. చెయ్యి చాపితే అందేంత దూరం. ఆ గారెల వాసన నా మొహానికి కొడుతోంది. చెయ్యి చాపి పెట్టరాదా అని అడిగాను గూడా. తాత కళ్లెర్రజేశాడు.

నేను ముద్ద కలపలేక కూర్చున్నాను. అత్త కళ్లనీళ్లు తుడుచుకోవడంలేదు, వాటిని కారనిస్తోంది. ఉన్నట్టుండి ముక్కు చీది,

"తాతా" అంది. "నేను పోయి ఆ అరుగు మీద కూకుంటే?"

గుంపు ముందుకు జరిగింది.

"నువ్వా?" అన్నాడు తాత. "కూకుంటే నువ్వూ ఆ ఇంటి చుట్టానివే."

"విస్తరేస్తదా?"

"ఏసి తీరాల."

"నా విస్తట్లో పడ్డ కూడు ఎవురిది?"

తాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. వాళ్ల తాతనీ, ఆ తాత తాతనీ మనసులో అడిగొచ్చినట్టున్నాడు. "విస్తట్లో పడినాక తినేవోళ్లదే. దాని మీద ఇంకెవుడికీ మాట లేదు."

"నా చేతి ముద్ద అన్నాను ఆయాల. నేనొండిన ముద్ద అన్లా" అంది అత్త, నా వంక చూస్తూ.

లేచింది. కొంగు భుజాన కప్పుకుంది. ఆ సందు దాటడానికి ఒక్క అడుగు చాలు. ఆ ఒక్క అడుగు వెయ్యడానికి ఆమెకు ఎంత కష్టమైందో పక్కన కూర్చున్న నాకు కనబడింది. కాలు తీసింది, ఆగింది, తీసింది. వచ్చి నా పక్కన వెంకాయమ్మ అరుగు మీద కూర్చుంది.

గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ వెంకాయమ్మ కదల్లేదు. "ఏమే వెంకాయమ్మా, చుట్టం వచ్చి కూకుంటే చూస్తన్నావేంది?" అని తాత గద్దించాడు. అప్పుడు లోపలికి పోయి విస్తరి తెచ్చి పరిచి, నీళ్లు చల్లి, జొన్నన్నం పెట్టింది. వెన్న నాకంటే పెద్దది వేసింది. నేను చూశాను.

అత్త గోంగూర కలిపి, వెన్న అద్ది, ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. తిన్నాను. నోరు భగ్గుమంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. కారం వల్లేనని వాళ్లు నవ్వుకున్నారు, నేనూ కాదనలేదు. రెండో ముద్ద పెట్టింది, మూడోది పెట్టింది. అవతల తాతతో సహా పంచాయితీకి వచ్చినవాళ్లు, అరుగు మీద చల్లారిపోతున్నాయని అత్త గారెలు తినడం మొదలుపెట్టారు. అవి నాకు ఒక్కటి మిగల్లేదు. ఆ సంగతి నేను ఇప్పటికీ క్షమించలేదు.

వెంకాయమ్మ అత్త విస్తట్లో మళ్లీ అన్నం పెట్టి, అక్కడే నిలబడింది. "పిల్లోడికే పెడతన్నావు. నువ్వెప్పుడు తింటావు వదినా?" అంది.

తొమ్మిదేళ్ల తరవాత మాట అది. అత్త చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. తల ఎత్తకుండా, "ఉప్పు తక్కువైందే, కాస్త తే" అంది.

ఉప్పు తేవడానికి అంతసేపు పట్టదు. ఆమె తిరిగి వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది.

తిరుగు రైలు

తెల్లవారుతూనే అత్త మూట కట్టుకుని, ఇంటికి తాళం వేసింది. స్టేషనుకు బండి పిలిస్తే అది ఆ సందులోకి రాలేక వీధి చివరే నిలిచిపోయింది. అక్కడిదాకా మూట నేనే మోశాను. అందులో ఏమున్నాయో తెలియదు గాని, బండలపేటవాళ్లు బండలు లేకుండా ప్రయాణం చెయ్యరనుకుంటాను.

వెంకాయమ్మ అరుగు మీద నిలబడి చూస్తోంది. అత్త నాలుగడుగులు వేసి వెనక్కి వెళ్లింది. కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"మీ అన్నయ్య ఇయ్యాల వస్తాడు. ఇంత కూడు పెట్టు. పెసరట్టు మాత్రం అడిగినా పెట్టబాక, గురజాల్లో తిని తిని పొట్ట చెడగొట్టుకుంటన్నాడు. నాకు తెలవదనుకుంటన్నాడు" అంది.

వెంకాయమ్మ ఆ తాళంచెవిని కొంగున ముడేసుకుని, గట్టిగా ఉందో లేదోనని రెండుసార్లు లాగి చూసుకుంది.